నాన్న బయాప్సీ రిపోర్టులో కెరాటిన్ గొడవ: కణం అస్థిపంజరం చెదిరితేనే ప్రొస్టేట్ క్యాన్సర్ పాకుతుందా?

వేణు_చిన్నోడు (రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. నాన్నకి ప్రొస్టేట్ బయాప్సీ అయింది. క్యాన్సర్ ఎంత ముదురో చెప్పే మార్కులట, గ్లీసన్ 4+3=7, గ్రేడ్ గ్రూప్ 3 అని రాశారు. బోన్ స్కాన్‌లో ఏమీ లేదన్నారు, అంతవరకు కాస్త కుదుటపడ్డాం. రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది: "హై మాలిక్యులర్ వెయిట్ కెరాటిన్, పి63: బేసల్ కణాలు లేవు. ఏఎంఏసీఆర్: పాజిటివ్."

కెరాటిన్ అంటే గోళ్లలో, జుట్టులో ఉండేదని బళ్లో చదివాను. ప్రొస్టేట్‌లో దానికేం పని? రెండు రాత్రుళ్లు కూర్చుని వెతికితే, కణానికి ఆకారం ఇచ్చే ప్రోటీన్లు పోతే క్యాన్సర్ పాకుతుందని ఒకచోట, అవి పెరిగితేనే పాకుతుందని ఇంకోచోట ఉంది. ఏది నిజం? నాన్నకి కెరాటిన్ లేదంటే ఆ అస్థిపంజరమేదో కూలిపోయినట్టా? పాకడం మొదలైనట్టా? డాక్టర్‌గారిని అడిగితే "అది మేం మా కోసం రాసుకున్నది, మీకక్కర్లేదు" అన్నారు. అక్కర్లేదంటే నిద్ర పడుతుందా?

గాజుపలక (రాత్రి 10:15)

వేణుగారూ, నేను పాథాలజిస్టుని. ఈ స్టెయిన్లు (కణాలకి వేసే రంగు పరీక్షలు) రోజూ చూస్తుంటాను. మీ నాన్నగారి స్లైడు నేను చూడలేదు కాబట్టి దాని గురించి చెప్పను, ఆ వాక్యం అర్థం మాత్రం చెప్తాను.

మామూలు ప్రొస్టేట్ గ్రంథికి రెండు వరసల కణాలుంటాయి. లోపలి వరస ద్రవాన్ని స్రవిస్తుంది, రక్తపరీక్షలో చూసే పీఎస్ఏ అనే ప్రోటీన్ వచ్చేది అక్కణ్నుంచే. దాని చుట్టూ బయట పల్చగా ఇంకో వరస, అవే బేసల్ కణాలు. కెరాటిన్ ఒకటి కాదు, పెద్ద కుటుంబం. లోపలి కణాల్లో 8, 18 రకాలు, బేసల్ కణాల్లో 5, 14 రకాలు ఉంటాయి. మేం వేసే స్టెయిన్ బేసల్ రకాల్నే పట్టుకుంటుంది, పి63 కూడా బేసల్ కణాల గుర్తే. మంచి గ్రంథి అయితే చుట్టూ గోధుమరంగు వలయం కనిపిస్తుంది, ఒక్కోసారి తెగిన పూసల దండలా. క్యాన్సర్ గ్రంథికి ఆ వలయం ఉండదు. ఏఎంఏసీఆర్ అన్నది క్యాన్సర్ కణాల్లో ఎక్కువగా ఉండే ప్రోటీన్, అది ఎరుపు రంగులో వస్తే "మధ్యలో ఎరుపు, చుట్టూ ఖాళీ" అన్నమాట. సూదితో తీసిన ముక్క ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు, దారప్పోగు లాంటిది. దాన్నించి 4 మైక్రాన్ల పొరలు కోసి చూస్తాం. అందులో అనుమానంగా ఉన్నవి రెండో మూడో గ్రంథులుంటే, ఈ వలయం ఉందా లేదా అన్నదే తేల్చేస్తుంది.

అంటే "బేసల్ కణాలు లేవు" అన్నది ఆ గ్రంథి క్యాన్సరే అని నిర్ధారించే మాట. క్యాన్సర్ కణాల్లోంచి కెరాటిన్ మాయమైందని దానర్థం కాదు. వాటిలో 8, 18 దండిగా ఉంటాయి. పాకిందా లేదా అన్నదానికి ఈ లైనుతో సంబంధం లేదు. ఇవాళ్టికి పడుకోండి.

వేణు_చిన్నోడు (రాత్రి 10:21)

మేడమ్, మీకు వెయ్యి దండాలు. రెండు రోజులుగా ఆ ఒక్క లైనే నన్ను తినేస్తోంది.

పాతలెక్కలు (ఉదయం 6:05)

నేను డాక్టర్ని కాదు, రిటైరైన సివిల్ ఇంజినీర్ని. పొద్దున్నే లేచే అలవాటు, దొరికింది చదువుతుంటాను. కుర్రాడు అడిగిన రెండో ప్రశ్నకి మాత్రం ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. కట్టడానికి ఇనుము తీసేస్తే కూలుతుంది. కణానికి అస్థిపంజరం పోతే అదీ చావాలి కదా. చావకుండా ప్రయాణం కడుతుందంటే నాకు లెక్క కుదరట్లేదు.

కణజాలం (ఉదయం 8:30)

మీ పోలికలోనే చిక్కుంది సార్. కణం అస్థిపంజరం కాంక్రీటులో పోసిన ఇనుము కాదు. పొద్దున కట్టి సాయంత్రం విప్పి ఇంకోచోట మళ్లీ కట్టే సర్వే కర్రల వ్యవహారం. నేను ల్యాబ్‌లో ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలు పెంచే పని చేస్తున్నాను, అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నా.

మూడు రకాల పోగులున్నాయి. ఆక్టిన్ అన్నిటికన్నా సన్నం, సుమారు 7 నానోమీటర్లు. ముందుకు తోసేదీ, వెనక నుంచి లాగేదీ అదే. మైక్రోట్యూబ్యూల్స్ లావు, 25 నానోమీటర్లు, లోపల బోలు. ట్యుబ్యులిన్ అనే ఇటుకలతో కట్టిన గొట్టాలు, కణంలో సరుకులు వాటి మీదే నడుస్తాయి. మధ్యలో 10 నానోమీటర్ల పోగులు, వాటి పేరే ఇంటర్మీడియట్. కెరాటిన్, విమెంటిన్, న్యూక్లియస్ గోడ లోపల ఉండే లామిన్ ఈ జాతివే.

క్యాన్సర్ కణం వీటిని పారేయదు. ఎక్కడ ఏది కట్టాలన్న క్రమాన్ని మార్చేస్తుంది. ఆర్ఏసీ1 అనే స్విచ్ పడితే అంచున పల్చటి రేకులా ఆక్టిన్ ముందుకు పొడుచుకొస్తుంది. ఆర్‌హెచ్‌ఓఏ అనే ఇంకో స్విచ్ పడితే మయోసిన్ అనే మోటారు ప్రోటీన్ పోగుల్ని బిగించి తోకని లాక్కుంటుంది. కోఫిలిన్ పాత పోగుల్ని కత్తిరించి, ఆ ముక్కల్ని మళ్లీ కట్టడానికి అందిస్తుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో తరచుగా పోయే పీటెన్ జన్యువు ఈ స్విచ్‌ల మీద ఉన్న బ్రేకుల్లో ఒకటి.

పాతలెక్కలు (ఉదయం 8:47)

అలాగైతే సర్వే కర్రలు కాదు, సెంట్రింగ్ అనండి. విప్పి మళ్లీ కట్టేది అదే.

కణజాలం (ఉదయం 8:50)

ఒప్పుకుంటున్నాను. సెంట్రింగే.

గాజుపలక (మధ్యాహ్నం 1:10)

భోజనానికి వచ్చి చూశాను. దీనికి మా వైపు నుంచి ఒక సంగతి కలపాలి, ఎందుకంటే వేణుగారు చూసిన 4+3 కూడా ఈ కథలోదే. డొనాల్డ్ గ్లీసన్ 1966లో ఈ పద్ధతి ప్రచురించినప్పుడు కణం మొహం చూసి మార్కులు వేయలేదు. గ్రంథులు ఎలా అమరి ఉన్నాయో చూసి వేశారు. 3 అంటే గ్రంథులు విడివిడిగా, గుండ్రంగా ఉన్నాయి. 4 అంటే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, లేదా జల్లెడలా తయారయ్యాయి. 5 అంటే గ్రంథి అన్నదే లేదు, కణాలు ఒంటరిగా బారులు తీరి పోతున్నాయి.

కణాలు పక్కవాటిని పట్టుకుని గుండ్రంగా నిలబడాలంటే ఈ-క్యాడ్‌హెరిన్ అనే అతుకు ప్రోటీన్ కావాలి. అది కణం లోపల కెటెనిన్లు అనే ప్రోటీన్ల ద్వారా ఆక్టిన్‌కి కట్టి ఉంటుంది. ఆ పట్టు సడలేకొద్దీ అమరిక చెదురుతుంది. మేం గ్లీసన్ గ్రేడ్ అని రాసేదాంట్లో సగం ఈ పట్టు గురించేనని నాకు అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, పుస్తకంలో ఉన్నది కాదు.

కణజాలం (మధ్యాహ్నం 2:02)

ఆ పట్టు గురించి మా ల్యాబ్‌లో చూసేది ఒకటి చెప్తాను. ప్రొస్టేట్ పరిశోధనలో అందరూ వాడే కణాలు మూడు: శోషరస గ్రంథి నుంచి వచ్చిన ఎల్ఎన్‌క్యాప్, మెదడు నుంచి వచ్చిన డీయూ145, వెన్నుపూస నుంచి వచ్చిన పీసీ-3. మూడూ ఎప్పుడో దశాబ్దాల కిందట రోగుల శరీరంలో పాకిన చోట్ల నుంచి తీసినవే. ఎల్ఎన్‌క్యాప్ గిన్నెకి సరిగా అంటుకోదు. గుత్తులుగా ఉంటుంది, మీడియం (కణాల్ని పెంచే ద్రవం) మార్చేటప్పుడు చెయ్యి కాస్త విసురుగా పడిందా, సగం కొట్టుకుపోతుంది. పీసీ-3 అలా కాదు, పల్చగా పరుచుకుని ఒక్కొక్కటి చెయ్యి చాపినట్టుంటుంది.

గిన్నె నిండా కణాలు పట్టాక పిపెట్ కొనతో మధ్యలో ఒక గీత గీస్తాం. సాయంత్రం గీసి, పొద్దున వచ్చి మైక్రోస్కోప్ కింద పెడితే పీసీ-3 గీత రెండు ఒడ్ల నుంచీ లోపలికి వచ్చేసి ఉంటుంది. దాంట్లో విమెంటిన్ ఎక్కువ, ఎల్ఎన్‌క్యాప్‌లో చాలా తక్కువ.

తమాషా ఏమిటంటే పీసీ-3లో ఈ-క్యాడ్‌హెరిన్ ఉంది. లేనిది ఆల్ఫా-కెటెనిన్. గడియ ఉంది, అది దిగే గొళ్లెం లేదు. ప్రోటీన్ ఉందా లేదా అని మాత్రమే చూసేవాడు ఇక్కడ పప్పులో కాలేస్తాడు. దేనికి కట్టి ఉందన్నది కూడా చూడాలి.

వేణు_చిన్నోడు (మధ్యాహ్నం 2:40)

అంటే నేను చదివిన రెండూ నిజమేనా? పోయినా పాకుతుంది, పెరిగినా పాకుతుంది?

కణజాలం (మధ్యాహ్నం 3:15)

ఏ ప్రోటీన్, ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పకుండా రాసేస్తే రెండూ నిజంలాగే కనిపిస్తాయి. ఫిలమిన్-ఎ తీసుకోండి. ఆక్టిన్ పోగుల్ని ఒకదానికొకటి అడ్డంగా ముడివేసే పెద్ద ప్రోటీన్, 280 కిలోడాల్టన్లు (ప్రోటీన్ల బరువు కొలత). మగ హార్మోన్ని అణిచే మందుకి ఇంకా లొంగే ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల్లో దాన్ని కోసేస్తే వచ్చే 90 కిలోడాల్టన్ల ముక్క న్యూక్లియస్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. హార్మోన్ మందుకి లొంగని కణాల్లో ఆ కోత జరగదు, ప్రోటీన్ మొత్తంగా బయట సైటోప్లాజంలోనే ఉండిపోతుంది. 2009లో రోగుల కణజాలం మీద చూసినప్పుడు మెటాస్టాసిస్ (వేరేచోటికి పాకడం) ఉన్నవాళ్లలో అది సైటోప్లాజంలోనే కనిపించింది. ప్రోటీన్ ఒక్కటే, చిరునామా మారింది. ఫిలమిన్ పెరిగిందా తగ్గిందా అని అడిగితే ఏం జవాబు చెప్తాం?

మేడమ్ అన్న అతుకు విషయమూ అంతే. పట్టు వదిలితేనే బయల్దేరుతుంది, నిజమే. కానీ చేరినచోట గడ్డగా పెరగాలంటే మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఎముకలో తేలిన ప్రొస్టేట్ గడ్డల్లో ఈ-క్యాడ్‌హెరిన్ మళ్లీ చక్కగా కనిపించడం అరుదేం కాదు.

గాజుపలక (మధ్యాహ్నం 3:31)

నిజం. ఎముక బయాప్సీలో కెరాటిన్ స్టెయిన్ వేస్తే ధగధగలాడుతూ వస్తుంది. ఊరు మారినా చాలావరకు వేషం మార్చుకోదు, అందుకే అది ఎక్కణ్నుంచి వచ్చిందో పట్టుకోగలుగుతున్నాం.

ఆరోసైకిల్ (సాయంత్రం 5:50)

వేణూ బాబూ, నేను ఈ జబ్బుతోనే ఉన్నాను. కనిపెట్టేసరికే ఎముకల్లోకి పాకింది. హార్మోన్ ఇంజెక్షన్‌తో పాటు డోసిటాక్సెల్ అనే కీమో మందు ఆరు సైకిళ్లు, మూడు వారాలకోసారి. మొన్ననే ఆరోది అయింది.

ఈ చర్చ చదువుతుంటే నాకో అనుమానం వచ్చింది. నాలుగో సైకిల్ నుంచి వేళ్ల కొసలు మొద్దుబారాయి. చొక్కా గుండీ పట్టుకుంటే ఉందో లేదో తెలియదు, కళ్లతో చూసి పెట్టుకోవాలి. పాదాల కింద ఎప్పుడూ మేజోళ్లు వేసుకున్నట్టే ఉంటుంది. నర్సమ్మ "మందు నరాల మీద పనిచేస్తుంది" అంది. క్యాన్సర్ మందుకి నరాలతో ఏం పని? ఈ ట్యుబ్యులిన్ అన్నది అదేనా?

కణజాలం (సాయంత్రం 6:35)

అదేనండీ, సూటిగా అదే. మైక్రోట్యూబ్యూల్ గొట్టాలు నిమిషాల్లో పెరుగుతూ, కూలుతూ ఉంటాయి. కణం రెండుగా చీలాలంటే క్రోమోజోముల్ని పంచేది ఆ పెరుగుదల, కూలుదలే. డోసిటాక్సెల్ వెళ్లి ట్యుబ్యులిన్‌కి అంటుకుని గొట్టాన్ని కూలనివ్వదు. బిగుసుకుపోయిన గొట్టాలతో కణం చీలలేక చస్తుంది. ఈ జాతి మందులు ఇలా పనిచేస్తాయని 1979లో సూసన్ హార్విట్జ్ బృందం టాక్సాల్ మీద చూపించింది.

ఇక మీ గుండీల సంగతి. నరం కణం చీలదు, కానీ దాని తీగ వెన్ను దగ్గర నుంచి వేలి కొస దాకా సాగి ఉంటుంది. అంత పొడుగునా సరుకు మోసే పట్టాలు మైక్రోట్యూబ్యూల్సే. మందు ఆ పట్టాల్ని కూడా పాడు చేస్తుంది. తీగ ఎంత పొడుగైతే కొసకి సరఫరా అంత ముందు తగ్గుతుంది, అందుకే పాదాలు, వేళ్లు ముందు. ఈ విషయం మీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, డోసు నిర్ణయాల్లో వాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు.

ప్రొస్టేట్‌లో ఈ మందుకి ఇంకో పని కూడా ఉంది. మగ హార్మోన్ని అందుకునే ఆండ్రోజెన్ రిసెప్టర్ న్యూక్లియస్‌కి చేరాలంటే ఇవే పట్టాలెక్కి, డైనీన్ అనే మోటారు లాక్కెళ్తే వెళ్తుంది. పట్టాలు బిగుసుకుంటే ఆ బండీ ఆగుతుంది. అస్థిపంజరం మందు హార్మోన్ మందులా కూడా కొంత పనిచేస్తోందన్నమాట.

పాతలెక్కలు (సాయంత్రం 6:58)

మరి అలాంటప్పుడు ఆ మందు పనిచేయడం మానేస్తుందెందుకు? ఆగిన బండి ఎలా కదులుతుంది?

కణజాలం (రాత్రి 7:20)

పట్టాలు అక్కర్లేని బండి పుడుతుంది కాబట్టి. ఏఆర్-వి7 అని రిసెప్టర్‌కి ఒక కురచ రూపం ఉంది. హార్మోన్ని పట్టుకునే తోక దానికి లేదు, మైక్రోట్యూబ్యూల్‌ని అంటుకునే భాగమూ లేదు. నడిచి వెళ్లినట్టు న్యూక్లియస్‌లోకి వెళ్లిపోతుంది. ఇంకొన్ని కణాలు ఇటుకే మారుస్తాయి: బీటా-3 రకం ట్యుబ్యులిన్ పెంచుకుంటే ఈ మందుల పట్టు తగ్గుతుంది.

ఆరోసైకిల్ గారూ, ఇది చదివి దిగులు పడకండి. 2004లో మొదట ఈ మందుతో ఆయుష్షు పెరిగిందని తేలినప్పుడు హార్మోన్ చికిత్స విఫలమైనవాళ్లలో మధ్యస్థ ఆయుష్షు 16.5 నెలల నుంచి 18.9 నెలలకి పెరిగింది. తర్వాత మీకిచ్చినట్టే మొదట్లోనే హార్మోన్ చికిత్సతో కలిపి ఆరు సైకిళ్లు ఇచ్చి చూస్తే, 2015లో వచ్చిన ఫలితాల్లో 44 నెలల నుంచి 57.6 నెలలకి పెరిగింది. మందు అదే, ఇచ్చిన సమయం వేరు.

ఆరోసైకిల్ (రాత్రి 7:41)

దిగులు పడే దశ దాటిపోయాను తల్లీ. ఎందుకు మొద్దుబారాయో తెలిసింది, అది చాలు. ఇన్నాళ్లూ నా వయసు వల్లే అనుకున్నా.

పచ్చనాకు (రాత్రి 8:15)

ఇంత గోల ఎందుకు? టాక్సాల్ చెట్టు నుంచి వచ్చిందే కదా. అదేదో నేరుగా ఆకు కషాయం తాగితే సరిపోతుంది, నరాలూ పోవు. నా దగ్గర ఒక యోగం ఉంది, కావాల్సినవాళ్లు మెసేజ్ పెట్టండి.

గాజుపలక (రాత్రి 8:29)

బాబూ, డోసిటాక్సెల్‌కి మూలపదార్థం యూరప్‌లో పెరిగే యూ చెట్టు సూదులాకుల్లోంచి వచ్చిందే, నిజం. దాన్ని ల్యాబ్‌లో రసాయనికంగా మార్చి, కొలిచి, సిరలోకి ఎక్కిస్తారు. ఆ ఆకు నేరుగా తింటే అందులోని టాక్సిన్లు గుండెని ఆపేస్తాయి. పశువులు మేసి చచ్చిపోయిన సంగతులు వెటర్నరీ పుస్తకాల నిండా ఉన్నాయి.

అడ్మిన్ (రాత్రి 8:33)

మందుల అమ్మకం ఇక్కడ కుదరదు. పచ్చనాకు గారి ఖాతా ఆపాం. జవాబు ఉపయోగపడుతుందని ఆ పోస్టు ఉంచుతున్నాం.

పాతలెక్కలు (మర్నాడు ఉదయం 5:50)

రాత్రంతా ఒకటే ఆలోచన. డాక్టర్ వేలితో పరీక్ష చేసి "గట్టిగా తగులుతోంది" అంటే క్యాన్సర్ అనుమానం. అంటే గడ్డ గట్టిది. మరి ఇరుకు సందుల్లోంచి దూరిపోయే కణం మెత్తగా ఉండాలి కదా? రెండూ ఎలా పొసుగుతాయి?

కణజాలం (ఉదయం 9:05)

ఈ చర్చలో నాకు నచ్చిన ప్రశ్న ఇదే సార్.

గట్టిగా తగిలేది గడ్డ మొత్తం: కిక్కిరిసిన గ్రంథులు, చుట్టూ బిగుసుకున్న కొల్లాజెన్. విడికణం వేరు. అతిసన్నటి సూదిమొన లాంటిదాంతో ఒక్కో కణాన్నీ నొక్కి చూసే పరికరం ఉంది. 2007లో రోగుల ఛాతీలో చేరిన నీటిలోంచి తీసిన కణాల్ని దాంతో నొక్కితే పాకిన క్యాన్సర్ కణాలు మంచివాటికన్నా 70 శాతానికి పైగా మెత్తగా తేలాయి. అవి ప్రొస్టేట్‌వి కావు, కానీ ఆ ధోరణి మిగతాచోట్ల కూడా కనిపించింది. గట్టి పరిసరం ఇంటెగ్రిన్ల (కణం పైన ఉండి బయటి పోగుల్ని పట్టుకునే ప్రోటీన్లు) ద్వారా కణాన్ని లాగుతుంది, ఆ లాగుడుకి లోపల ఆక్టిన్ బిగుసుకుని ఇంకా కదలమంటుంది.

దూరేటప్పుడు అసలు అడ్డం న్యూక్లియస్. కణంలో అన్నిటికన్నా పెద్దదీ గట్టిదీ అదే. మిగతా ఒళ్లంతా సందులోంచి అవతలికి జారిపోయినా అది ఇరుక్కుంటుంది, గదిలోకి బీరువా ఎక్కించినట్టు. దాని గట్టిదనం లామిన్ ఎ/సి వల్ల. ఆ గోడలోనే ఎమెరిన్ అనే ఇంకో ప్రోటీన్ ఉంటుంది. 2018లో ప్రొస్టేట్ క్యాన్సర్ మీద వచ్చిన పనిలో ఎమెరిన్ తగ్గిన కణాల న్యూక్లియస్ ఆకారం నిలకడ లేకుండా పోవడం, అవి ఎక్కువగా పాకడం చూశారు.

గాజుపలక (ఉదయం 9:40)

న్యూక్లియస్ వంకర టింకరగా ఉందని మేం కంటితో చూసి రాస్తూ వచ్చాం. దానికి ఒక ప్రోటీన్ పేరు దొరకడం నాకు భలే సంతోషం.

పాతలెక్కలు (ఉదయం 9:52)

సరే, అలాగైతే లామిన్ మొత్తం తీసేసిన కణమే గొప్ప దొంగ కావాలి.

కణజాలం (ఉదయం 10:20)

కాదు, దానికీ శిక్ష ఉంది. 2016లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి: ఇరుకులో దూరేటప్పుడు న్యూక్లియస్ గోడ నిజంగానే చిరుగుతుంది, డీఎన్ఏ దెబ్బతింటుంది, కణం ఆ చిరుగుని కుట్టుకుంటుంది. లామిన్ తక్కువైతే చిరుగులు ఎక్కువ. పైగా రక్తంలో పడ్డాక ప్రవాహం రాపిడిని తట్టుకోవాలి, లామిన్ తగ్గించిన కణాలు అక్కడ ఎక్కువగా చస్తాయి. మెత్తగా ఉంటే సందులో గెలుపు, రక్తంలో ఓటమి. ఇంకో ఘోరం ఏమిటంటే చిరిగి కుట్టుకున్న ప్రతిసారీ డీఎన్ఏలో కొత్త తప్పులు మిగిలిపోవచ్చు.

ప్రొస్టేట్‌లోనే చూసిన ఇంకోటి: డయాఫ్-3 అనే ఆక్టిన్ పోగులు పెంచే ప్రోటీన్ పోతే కణం కాళ్లూ చేతులూ చాపి నడవడం మానేసి అమీబాలా ఉబ్బుతూ జారుతుంది. ఆ ఉబ్బుల్లో కొన్ని తెగిపడి పెద్ద సంచుల్లా బయటికి పోతాయి, 1 నుంచి 10 మైక్రాన్లు. మామూలుగా కణాలు వదిలే సంచులతో పోలిస్తే ఇవి గుమ్మడికాయలు. వాటిల్లో క్యాన్సర్ సరుకు ఉంటుంది.

వేణు_చిన్నోడు (ఉదయం 11:00)

ఇంత తెలిశాక కదలకుండా ఆపే మందే ఇవ్వచ్చుగా? ఆక్టిన్‌ని పట్టుకునే మందు లేదా?

కణజాలం (ఉదయం 11:25)

ల్యాబ్‌లో ఉన్నాయి. సైటోకలేసిన్ వేస్తే గిన్నెలో కణాలు కదలడం మానేస్తాయి. కానీ మీ గుండె కొట్టుకునేది కూడా ఆక్టిన్ మీదే, మనిషికి ఇస్తే గుండె ఊరుకోదు. అందుకే ఆక్టిన్‌ని వదిలి దాని స్విచ్‌ల మీద పడుతున్నారు. కదలికని ఆపే మందులకి "మైగ్రాస్టాటిక్స్" అని 2017లో పేరు కూడా పెట్టారు. ఒక మెలిక ఉంది: క్యాన్సర్ మందుల పరీక్షల్లో ముందు చూసేది గడ్డ కుంచించుకుపోయిందా అని. కదలికని ఆపే మందు గడ్డని తగ్గించదు, పాకాల్సింది పాకకుండా ఆపుతుంది. జరగనిదాన్ని కొలవాలంటే ఏళ్లు పడుతుంది, డబ్బు పెట్టేవాడికి అంత ఓపిక ఉండదు. సైన్సు కన్నా ఈ లెక్కే దీన్ని వెనక్కి లాగుతోందని నా గట్టి నమ్మకం.

గాజుపలక (మధ్యాహ్నం 1:20)

రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాల్ని లెక్కపెట్టే పరీక్ష ఒకటుంది కదా, అదీ అస్థిపంజరం మీదే నడుస్తుంది. ఉపరితలం మీది ఎప్‌క్యామ్ అనే ప్రోటీన్‌తో కణాన్ని పట్టి, లోపల కెరాటిన్ ఉందో లేదో చూసి "ఇది తెల్లకణం కాదు, గడ్డ నుంచి వచ్చింది" అని తేలుస్తారు. ప్రొస్టేట్‌కి అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది. 7.5 మిల్లీలీటర్ల రక్తంలో 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మంచి సూచన కాదు. చిక్కేమిటంటే వేషం బాగా మార్చి కెరాటిన్ వదిలేసిన కణం ఈ వలలో పడదు. అన్నిటికన్నా తెలివైన దొంగే తప్పించుకుంటాడు.

ఆరోసైకిల్ (మధ్యాహ్నం 2:05)

అది సరే, ఎముకలే ఎందుకు? నాకు నడుము నొప్పితోనే బయటపడింది.

కణజాలం (మధ్యాహ్నం 2:30)

దీనికి దారి ఒక కారణం, నేల ఒక కారణం. ప్రొస్టేట్ చుట్టూ ఉన్న సిరలు వెన్నుపూసల సిరలతో కవాటాలు లేకుండా కలిసి ఉంటాయని 1940లో బ్యాట్సన్ చూపించారు. దారి తెరిచే ఉంది. అంతకు ముందే 1889లో పాజెట్ అనే సర్జన్ విత్తనానికి, అంటే క్యాన్సర్ కణానికి, తగిన నేల ఉండాలన్నారు. ఎముక మజ్జ వదిలే రసాయన సంకేతాలు ఈ కణాల్ని పిలుస్తాయి, అక్కడి లామినిన్ (ఇందాకటి లామిన్ వేరు), కొల్లాజెన్లని పట్టుకోడానికి ఇంటెగ్రిన్లు సాయపడతాయి. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్ల 1,589 శవపరీక్షలు చూసి 2000లో ప్రచురించిన పనిలో, రక్తం ద్వారా పాకినవాళ్లలో 90 శాతం మందికి ఎముకల్లో ఉంది.

వేణు_చిన్నోడు (ఐదు వారాల తర్వాత, రాత్రి 9:10)

చాలా రోజులైంది. నాన్నకి ఆపరేషన్ అయింది, గ్రంథి మొత్తం తీశారు. అంచుల్లో క్యాన్సర్ లేదు, శోషరస గ్రంథుల్లోనూ లేదు. కానీ "పెరిన్యూరల్ ఇన్వేషన్ ఉంది" అని రాశారు. మళ్లీ నా నిద్ర పోయింది.

గాజుపలక (రాత్రి 9:35)

నరం చుట్టూ ఉండే జాగాలోకి కణాలు చేరాయని దానర్థం. తీసేసిన ప్రొస్టేట్లలో చాలావాటిలో కనిపించేదే. అంచులు, శోషరస గ్రంథులు బాగున్నాయి కాబట్టి ముందు అవి చూడండి. పీఎస్ఏ ఎప్పుడెప్పుడు చూడాలో మీ డాక్టర్ చెప్తారు, ఆ తేదీలు మాత్రం తప్పకండి.

ఆరోసైకిల్ (రాత్రి 9:50)

నాన్నగారు ఎలా ఉన్నారు బాబూ? రిపోర్టు సంగతి కాదు, మనిషి సంగతి చెప్పు. నాకిప్పుడు పై రెండు గుండీలూ చూడకుండానే పడుతున్నాయి.

వేణు_చిన్నోడు (రాత్రి 10:02)

బాగున్నారు బాబాయ్. మీ గుండీల సంగతి చెప్తే నవ్వారు. ఈ చర్చంతా ప్రింటు తీసి ఇచ్చాను, కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. తర్వాత ఆ గోధుమరంగు వలయం తను చూడాలని పట్టుబట్టారు. అక్కడి పాథాలజిస్టు మేడమ్ ఒప్పుకుని, ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ బాణం గుర్తు జరుపుతూ ఇది మంచి గ్రంథి, ఇది కాదు అని చూపిస్తున్నారు. నాన్న చాలాసేపు చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. "చుట్టూ గోధుమరంగు ఉన్నవి నావా?" అని అడిగారు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అన్నీ మీవేనండీ" అన్నారు.